ఇల్లు లేనివారి దగ్గరికి మన విద్యార్థుల్ని ఎలా తీసుకెళ్లాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

సికింద్రాబాద్ టీచరమ్మ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను సికింద్రాబాద్‌లో ఒక కథోలిక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. మా వై.సి.ఎస్. (యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్) విద్యార్థి బృందం బాధ్యత కూడా నాదే. ఈ 2025 నవంబరు 16 ఆదివారం కథోలిక శ్రీసభ జరుపుకునే పేదల ప్రపంచ దినం. ఫ్రాన్సిస్ పోపు గారు 2017లో దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచి చాలా విచారణల్లో, అంటే గుడి సంఘాల్లో, ఒకటే పద్ధతి చూస్తున్నాను. దివ్యపూజ అవగానే పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు వ్యాన్‌లో వేసుకుని స్టేషన్ వైపు వెళ్లడం, బ్యానర్ పట్టుకుని పంచడం, గంటలో తిరిగొచ్చేయడం. ఆ పూట కొందరి కడుపు నిండుతుంది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ పిల్లలు వ్యాన్ ఎక్కేటప్పుడు ఎలా ఉన్నారో దిగేటప్పుడూ అలాగే ఉంటున్నారు.

నాకు కావలసింది వేరు. "నీ పొరుగువానిని ప్రేమించు" అని వారం వారం వింటున్న ఈ పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషిని పొరుగువాడిగా ఎరగాలి. ఒక్క ఆదివారంతో అది కాదని తెలుసు. కాలేజీ సంవత్సరం పొడుగునా చేయగలిగేది కావాలి. ఏం పట్టుకెళ్లాలి, ఏం మాట్లాడాలి, ఆడపిల్లల భద్రత ఎలా, మతి స్థిమితం లేనివాళ్లు ఎదురైతే ఏం చెయ్యాలి? మీకు తెలిసింది రాయండి.

ఉపదేశి తాతయ్య, గుంటూరు

అమ్మా, మంచి మాట ఎత్తావు. నేను ఊళ్లలో జ్ఞానోపదేశం చెబుతూ ముసలివాణ్ణయ్యాను. దయాక్రియలు ఏడూ పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పికగొన్నవారికి నీళ్లు, నిలువ నీడ లేనివారికి ఆశ్రయం... అప్పజెప్పిన పిల్లవాడే బస్టాండులో చెయ్యి చాపిన ముసలాయన్ని చూసి పక్కకి తప్పుకుంటాడు. వాడి తప్పు కాదు, మనం నోటికి నేర్పాం గానీ కాళ్లకి నేర్పలేదు.

నా సలహా ఒక్కటే. ముందు తీసుకెళ్లు, పాఠం తర్వాత చెప్పు. తిరిగొచ్చాక పిల్లల్ని గుండ్రంగా కూచోబెట్టి మత్తయి సువార్త 25వ అధ్యాయం తెరువు. ఆకలిగొన్నవాడికి పెట్టింది నాకు పెట్టినట్టే అని ప్రభువు అంటే, అక్కడ నీతిమంతులు కూడా "ప్రభూ, నిన్నెప్పుడు చూశాం?" అని తెల్లబోతారు చూడు. ఆ ప్రశ్న నీ పిల్లలకి అప్పుడు వాళ్ల సొంత ప్రశ్న అవుతుంది.

ఇద్దరిద్దరుగా పంపు. ప్రభువు శిష్యుల్ని పంపింది కూడా అలాగే.

బెజవాడ విన్సెంటియన్

తాతయ్య గారు ఇద్దరిద్దరు అన్నారు కాబట్టి మా సంగతి చెప్పాలి. పేదల ఇళ్లకి వెళ్లి సాయపడే మా విన్సెంట్ డి పాల్ సొసైటీ అనగానే అందరూ పెద్దవాళ్ల సంఘం అనుకుంటారు. దాన్ని పుట్టించింది కాలేజీ కుర్రాళ్లు. ఫ్రెడరిక్ ఓజనాం పారిస్‌లో లా చదువుతున్నాడు. 1832లో ఆ నగరాన్ని కలరా ఊడ్చేసింది. విద్యార్థుల చర్చా సభలో ఓజనాం శ్రీసభ గొప్పతనం గురించి వాదిస్తుంటే అవతలి కుర్రాడు, ఒకప్పుడు మీరు చేసిన మేలు సరే, ఇప్పుడేం చేస్తున్నారని నిలదీశాడు. జవాబు లేదు. ఓజనాం, అతని స్నేహితుడు తమ గదిలో మిగిలిన కట్టెలు మోసుకెళ్లి ఒక పేదవాడి ఇంట్లో ఇచ్చొచ్చారు. 1833 ఏప్రిల్ 23న, ఓజనాం ఇరవయ్యో పుట్టినరోజున, గుప్పెడు మంది విద్యార్థులు, వాళ్లకి అండగా బాయీ అనే పెద్దాయన కలిసి మొదటి సమావేశం పెట్టుకున్నారు.

టీచరమ్మ గారికి అసలు పనికొచ్చేది ఇక్కడుంది. ఆ కుర్రాళ్లకి ఉత్సాహం తప్ప పని తెలీదు. పారిస్‌లో పేదలుండే మూఫ్‌తార్ వీధి పేటలో పనిచేస్తున్న సిస్టర్ రొజలీ రాందు దగ్గరికి వెళ్లారు. ఫలానా ఇంటికి వెళ్లండి అని చిరునామాలు ఇచ్చింది ఆవిడే. రొట్టెకి, బొగ్గుకి చీటీలు చేతిలో పెట్టింది. తొందరపడి తీర్పు చెప్పొద్దని, ఓపిగ్గా వినమని అలవాటు చేసింది. కాబట్టి మీ పిల్లలకి కూడా ఆ వీధిని ఎరిగిన ఒక మనిషి కావాలి. ముందు అలాంటి వ్యక్తిని వెతకండి, పొట్లాల సంగతి తర్వాత.

ఇప్పటికీ మా పద్ధతి అదే: ఇద్దరు వెళ్లాలి, అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి, వారం సమావేశంలో ఎవరు ఎలా ఉన్నారో చెప్పాలి. ఓజనాంని రెండవ జాన్ పాల్ పోపు గారు 1997లో పారిస్‌లోనే, ప్రపంచ యువజన దినాల్లో ధన్యుడిగా (పునీతుడు కావడానికి ముందు మెట్టు) ప్రకటించారు. యువతకి ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేస్తారు.

అల్వాల్ అమ్మ

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. చదువు, దేవుడు రెండూ కావాలని కథోలిక కాలేజీలో వేశాం. కానీ చీకటి పడ్డాక స్టేషన్ దగ్గర, తాగి పడిపోయినవాళ్ల మధ్య నా కూతుర్ని నిలబెడతామంటే నాకు నిద్ర పట్టదు. టీబీ ఉంటుంది, చర్మరోగాలు ఉంటాయి. పైగా మార్చిలో పబ్లిక్ పరీక్షలు. వృద్ధాశ్రమానికి తీసుకెళ్లొచ్చు కదా, నాలుగు గోడల మధ్య క్షేమంగా ఉంటుంది. ప్రేమ నేర్పడానికి రోడ్డే ఎందుకు?

అడ్డా మేస్త్రి

నమస్తే అందరికి. నేను ఎక్కువ చదువుకోలే. నాది మెదక్ దిక్కు. ఇప్పుడు నలుగురిని పెట్టుకొని సెంట్రింగ్ పని చేస్తున్న గని పట్నం వచ్చిన కొత్తల షట్టర్ల కింద పండుకున్నోణ్ణే. గందుకే రాస్తున్న.

ఆ తల్లి భయం నాకు సమజైతది. గని ఒక్క మాట. రోడ్డు మీద పండేటోళ్లంత తాగుబోతులు కాదు. సగం మంది పొద్దుగాల ఆరు గొట్టంగ అడ్డా మీద నిలవడాలె, లేకుంటే కూలి దొరకదు. రూమ్ కిరాయి కడితే ఇంటికి పంపనీకి పైసలు మిగలయి, దూరంల ఉంటే బస్సుకే పోతయి. అందుకే అడ్డా పక్కకే పండుతం. ఏ షట్టర్ కింద పడితే ఆ షట్టర్ కింద పండం. లైటు ఉండాలె, వాచ్‌మన్ మంచోడు ఉండాలె, వాన కొడితే సజ్జ ఉండాలె. చెప్పులు తలకాయ కింద పెట్టుకుంటం, లేకుంటే తెల్లారేసరికి ఉండయి. బట్టల సంచి పాన్ డబ్బాల పెట్టి ఆయనకు రోజు ఇంత అని ఇస్తం. కాలకృత్యాలకు, స్నానానికి, ఫోన్ ఛార్జింగుకు అన్నిటికి పైసలే. ఇల్లు లేనోనికి ఖర్చు తక్కువ అనుకుంటరు, అది తప్పు.

బువ్వ సంగతి చెప్త. ఆదివారం నాడు, పండుగ నాడు నాలుగు బండ్లు వస్తయి. అందరు పులిహోరనే తెస్తరు. తినంగ మిగిలింది తెల్లారి పాసిపోతది. మంగళవారం, బుధవారం ఎవ్వలు రారు. రాత్రి పదకొండు గొట్టినంక పండుకున్నోణ్ణి లేపి దుప్పటి కప్పి ఫోటో దిగుతరు. దుప్పటి మంచిదే, గని పొద్దంత దాన్ని యాడ పెట్టుకోవాలె? సంచిల పట్టే పలుచటిది ఇస్తే ఉంటది, బరువుది ఇస్తే రెండో రోజుకే పోతది.

నాకు బాగ యాదికున్నది ఒక కాలేజి పిలగాడు. చాయ్ తెచ్చి నా పక్కకే మెట్ల మీద కూసున్నడు. నీ ఊరేంది, పంటలెట్లున్నయి అని అడిగిండు. ఫోన్ ఇచ్చి మా అమ్మతోని మాట్లాడిపిచ్చిండు. పోయేటప్పుడు మల్ల మంగళవారం వస్త అన్నడు. వచ్చిండు.

నర్సు సిస్టర్, విశాఖ

మేస్త్రి గారూ, మీ మాటలు మా మఠంలో శిక్షణలో ఉన్న నొవీసులకి చదివి వినిపించాను. ధన్యవాదాలండీ.

అల్వాల్ అమ్మ గారికి ఆరోగ్యం గురించి చెబుతాను. టీబీ గాలి ఆడని మూసిన గదుల్లో ఎక్కువ సేపు కలిసి ఉంటే అంటుకునే జబ్బు. ఆరుబయట కాసేపు మాట్లాడితే వచ్చే భయం చాలా తక్కువ. ఎడతెగని దగ్గు ఉన్నవాళ్లని ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్షకి పంపాలి, మందులు ఉచితం. గజ్జి చర్మానికి చర్మం ఎక్కువసేపు తగిలితే, ఒకే దుప్పటి వాడుకుంటే వస్తుంది. చెయ్యి కలిపి నమస్కారం చేసినంత మాత్రాన రాదు. ఇంటికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పిల్లలు చెయ్యకూడని పనులు కూడా ఉన్నాయి: పుండ్లకి కట్లు కట్టడం, మందుబిళ్లలు ఇవ్వడం. కాలి పుండు కనిపిస్తే పెద్దవాళ్లకి చెప్పాలి. షుగరు ఉన్నవాళ్లకి చెప్పుల్లేని నడకతో పుండు పడి, ఈగలు వాలి పురుగులు పట్టిన కాళ్లు మేం కడిగాం. అది కుర్రాళ్ల పని కాదు. స్పృహ లేకపోతే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా అక్కడే ఉండాలి.

తిండి గురించి: పళ్లు లేని ముసలివాళ్లు పులిహోరలో పల్లీలు నమలలేరు. చింతపండు పులుపు ఖాళీ కడుపులో మంట పుట్టిస్తుంది. మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, గోరువెచ్చటి పాలు పెట్టండి. ముందు "తిన్నావా అమ్మా?" అని అడగండి, తిన్నానంటే బలవంతం చెయ్యకండి.

ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. రోడ్డు మీద బతికే ఆడది రాత్రి కూర్చునే నిద్రపోతుంది. చాలామంది ఆసుపత్రి ఆవరణలో, రోగి బంధువుల మధ్య కలిసిపోయి పడుకుంటారు, అక్కడ నలుగురు ఉంటారు కాబట్టి. చీకటి పడితే బయటికి వెళ్లే చోటు ఉండదని సాయంత్రం నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో మూత్రంలో మంట. నేనొకావిడని ఏం కావాలమ్మా అని అడిగితే దువ్వెన, కొబ్బరినూనె అంది. తల దువ్వి జడ వేశాం. రిబ్బను లేదని మా అమ్మాయి ఒకతె తన జడలోది తీసి కట్టింది. ఆవిడ కిటికీ అద్దంలో చూసుకుని, చెంప మీద పడుతున్న వెంట్రుకలు తనే సర్దుకుంది. లోదుస్తులు, ప్యాడ్లు, సబ్బు ఇవ్వాల్సింది ఆడపిల్లలే, అదీ సంచిలో పెట్టి, అందరి ముందూ కాకుండా.

ఇక వృద్ధాశ్రమం కూడా మంచిదే. కానీ అక్కడికి చేరగలిగినవాళ్లు అప్పటికే ఎవరో ఒకరు చేరదీసినవాళ్లు.

ఖరగ్‌పూర్ తెలుగమ్మాయి

మా నాన్నది రైల్వే ఉద్యోగం, తర్వాత బదిలీ మీద కలకత్తా. నేను సియాల్దా లొరెటో స్కూల్లో చదివాను. ఇక్కడ ఆ స్కూలు గురించి చెప్పకపోతే ఎలా?

సిస్టర్ సిరిల్ మూనీ అని ఐర్లండ్ నుంచి వచ్చిన సిస్టర్ 1979లో ఆ స్కూలుకి ప్రిన్సిపల్ అయ్యారు. గేటు బయట సియాల్దా స్టేషన్, అక్కడ ప్లాట్‌ఫారం మీద పెరిగే పిల్లలు. 1985లో రెయిన్‌బో అని మొదలుపెట్టారు. వీధిపిల్లలు ఎప్పుడు వీలైతే అప్పుడు స్కూలుకి రావొచ్చు, అయిదో తరగతి నుంచి పైవాళ్లు ఒకరికి ఒకరుగా కూర్చుని చదువు చెప్పాలి. సాయంత్రం సేవగా కాదు, టైంటేబుల్లోనే పీరియడ్. తర్వాత స్కూలు మేడ మీదే ఇల్లు లేని ఆడపిల్లలకి నివాసం కట్టారు. అదే నమూనాలో హైదరాబాద్‌లో కూడా రెయిన్‌బో హోమ్స్ నడుస్తున్నాయి, టీచరమ్మ గారు వెళ్లి చూడొచ్చు. సిస్టర్‌కి 2007లో పద్మశ్రీ వచ్చింది. 2023లో ప్రభువులో నిద్రించారు.

నా వంతుకి వచ్చిన పిల్ల నాకన్నా రెండేళ్లు చిన్నది. అక్షరాలు చెబుతుంటే పుస్తకం మీదే నిద్రపోయేది, రాత్రంతా ప్లాట్‌ఫారం మీద తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండేది కాబట్టి. లెక్కలు మాత్రం నోటితో చేసేది. నీళ్ల సీసాలు ఏరి అమ్మేది, కిలో ధర, తూకం, చిల్లర అన్నీ నాకంటే ముందు చెప్పేసేది. పలక మీద 37 రాయడం రాదు, 37 రూపాయల్లోంచి ఎంత తిరిగివ్వాలో వచ్చు. నేను అక్షరాలు, తను నోటిలెక్కలు, ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం. మా అమ్మ మొదట్లో పేలు పడతాయని భయపడింది. పడ్డాయి కూడా, మందు పెట్టి దువ్వేసింది.

మదర్ థెరెసా కూడా కలకత్తాలోనే, ఎంటాలీ లొరెటో స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరు. ఆవిడ బస్తీల్లోకి వెళ్లాక 1949లో మొదట వచ్చి చేరిన సుభాషిణీ దాస్ ఆవిడ పాత విద్యార్థిని. ఆ తర్వాత చేరినవాళ్లలోనూ చాలామంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. టీచరు ఎటు నడిస్తే పిల్లలు అటు నడుస్తారు మేడమ్.

డిగ్రీ సెకండియర్

నేను విద్యార్థినే, అందుకని అడుగుతున్నా. మా బ్యాచ్ వెళ్లినప్పుడు నాకు ఏం మాట్లాడాలో తోచదు. "బాగున్నారా" అని అడగాలంటే నోరు రాదు, వాళ్లు బాగాలేరని కనిపిస్తూనే ఉంది. ఒకాయన డబ్బులు అడుగుతాడు, ఇస్తే తాగుతాడని మావాళ్లు అంటారు. ఇంకోటి, పక్క షాపాయన "మతం మార్చడానికి వచ్చారా" అన్నాడు. మేం సిలువ కూడా బయటికి కనిపించనివ్వలేదు. దీనికి ఏం జవాబు చెప్పాలి?

ఉపదేశి తాతయ్య, గుంటూరు

> "మతం మార్చడానికి వచ్చారా" అన్నాడు

నాయనా, సిలువ దాచుకోవద్దు. దాన్ని ఎర కూడా చెయ్యొద్దు. కరపత్రాలు వద్దు, పాటలు వద్దు, అన్నం ముందు పెట్టి ప్రార్థన చేయించడం అసలే వద్దు. ఆకలితో ఉన్నవాడు దేనికైనా తల ఊపుతాడు, ఆ ఊపుకి విలువ లేదు. వాళ్లే అడిగితే, వాళ్ల కోసం మౌనంగా ప్రార్థించు. ప్రభువు చెప్పిన కథలో దారిన గాయపడినవాణ్ణి సమరీయుడు నీది ఏ ఊరు, ఏ గుడికి వెళతావు అని అడగలేదు. నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టి, సత్రంలో చేర్చి, ఖర్చు తనే పెట్టుకుని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ షాపాయనకి జవాబు నోటితో అవసరం లేదు. మీరు మళ్లీ మళ్లీ వెళుతుంటే ఆయనే చూస్తాడు.

డబ్బు సంగతి: ఫ్రాన్సిస్ పోపు గారు ఉన్నప్పుడు తరచూ అడిగేవారు, దానం చేసేటప్పుడు ఆ మనిషి కళ్లలోకి చూశావా, చెయ్యి తాకావా, లేక నాణెం విసిరేశావా అని. కుర్రాడివి, నీ దగ్గర డబ్బు లేకపోతే లేదని మర్యాదగా చెప్పు. చెప్పేటప్పుడు మొహం తిప్పుకోకు.

అడ్డా మేస్త్రి

> నాకు ఏం మాట్లాడాలో తోచదు

తమ్మీ, నువ్వు మాట్లాడకు, అడుగు. "ఇయ్యాల పని దొరికిందా?" అను. "మీది ఏ ఊరన్నా?" అను. క్రికెట్ మాట్లాడు. మొన్న వానకు ఎటు పోయిన్రు అని అడుగు. గవ్వే మాటలు. పాపం, అయ్యో అని మొఖం పెట్టకు, అది చూస్తే చాయ్ గూడ దిగదు. పేరు చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగకు. ఇంట్ల గొడవై వచ్చినోళ్లు ఉంటరు, అప్పులోళ్లకు దాక్కున్నోళ్లు ఉంటరు. వాళ్ల కథ వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు చెప్తరు.

తాగినోడు ఉంటే ఆ పూట దండం పెట్టి పక్కకు జరుగు. మల్లొచ్చినప్పుడు పలకరియ్యి.

రోమ్‌లో తెలుగు గురువు

నేను పై చదువుకి రోమ్ వచ్చిన గుంటూరు మేత్రాసన (బిషప్ గారి పరిధి) గురువుని. సాయంత్రాలు వీలైనప్పుడు సంత్ ఎజిదియో సమాజం వాళ్లతో తెర్మినీ స్టేషన్ వైపు వెళుతుంటాను. మీ చర్చకి ఇది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఈ సమాజం కూడా 1968లో ఆంద్రేయా రిక్కార్డి అనే హైస్కూలు విద్యార్థి, అతని తోటివాళ్లు కలిసి మొదలుపెట్టిందే. నగరం అంచున గుడిసెల్లో పిల్లలకి చదువు చెప్పడంతో ఆరంభించారు.

ఇక్కడ ఒక పేరు ప్రతి విద్యార్థికీ తెలుసు: మొదెస్తా వాలెంతి. ఇల్లు లేని ముసలావిడ, 71 ఏళ్లు, తెర్మినీ దగ్గర ఉండేది. 1983 జనవరి 31న ఒంట్లో బాగాలేక కూలిపోతే, ఒంటి నిండా పేలున్నాయని అంబులెన్సులో ఎక్కించుకోలేదు. గంటల తరబడి పడి ఉండి అక్కడే చనిపోయింది. ఆమెను ఎరిగిన యువకులు ఆ చావును అంతటితో వదల్లేదు. ఏటా ఆమె వర్ధంతికి దివ్యపూజ చేసి, వీధుల్లో చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు, ఒక్కో పేరుకి ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ జాబితా చాలా పొడుగు. పీఠం ముందు జీన్సు ప్యాంట్ల కుర్రాళ్లు, వాళ్ల పక్కనే దుప్పటి భుజాన వేసుకున్న ముసలివాళ్లు నిలబడి ఉంటారు. చదివేటప్పుడు ఒక్కోసారి జనంలోంచి "అవును, వాడే" అన్నట్టు గొంతు వినిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇటలీలో నివాస చిరునామా లేకపోతే ఆరోగ్య కార్డు, పింఛను అన్నీ చిక్కే. రోమ్ నగరపాలిక ఇల్లు లేనివారిని నమోదు చేసుకోవడానికి ఒక కల్పిత వీధి పెట్టింది. ఊహించారా? దాని పేరు మొదెస్తా వాలెంతి వీధి. మ్యాపులో ఇళ్లు ఉండవు, కానీ వేలమంది చిరునామా అదే.

మీరు వెంటనే చేయగలిగింది ఒకటి చెబుతాను. ఈ సమాజం ఏటా ఒక చిన్న పుస్తకం వేసి వీధుల్లో పంచుతుంది: ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ స్నానం చెయ్యొచ్చు, డాక్టరు ఎక్కడ. సికింద్రాబాద్‌కి అలాంటిది మీ విద్యార్థులు తయారుచేస్తే! అయిదు రూపాయల భోజనం ఎక్కడ ఏ వేళకి పెడతారు, నైట్ షెల్టర్ ఏ గల్లీలో ఉంది, ఆడవాళ్లకి వేరే ఉందా, బస్తీ దవాఖానా ఎప్పుడు తెరుస్తారు అని కాళ్లతో తిరిగి కనుక్కోవాలి. చదువు రానివాళ్ల కోసం బొమ్మలతో, తెలుగు, హిందీ రెండింట్లో.

వకీలు, వరంగల్

ఫాదర్ గారు చిరునామా మాట ఎత్తారు కాబట్టి నేను దూరుతున్నాను. దయ ఒక్కటే మాట్లాడుకుంటున్నాం, హక్కు కూడా మాట్లాడుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు. 2001తో పోలిస్తే పల్లెల్లో తగ్గారు, పట్టణాల్లో పెరిగారు. నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున రాత్రింబగళ్లు తెరిచి ఉండే షెల్టర్ పెట్టాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల్లో మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని రాశారు. మీ పిల్లలు ఒక షెల్టర్‌కి వెళ్లి టేపు పెట్టి కొలవనివ్వండి, టీచరమ్మ గారూ. మీరు సివిక్స్ కదా.

మతి స్థిమితం గురించి అడిగారు. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 2017, సెక్షన్ 100. మానసిక రోగంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ తెలియకపోతే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. హైదరాబాద్ వాళ్లకి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. విద్యార్థులు ఒంటరిగా పట్టుకెళ్లే ప్రయత్నం చెయ్యకూడదు, కానీ పెద్దవాళ్లు ఈ సెక్షన్ పేరు చెప్పి అడిగితే పని కదులుతుంది. సాయానికి ఫోన్ నంబర్లు: వదిలేసిన వృద్ధులకి 14567, పిల్లలకి 1098.

ఆధార్ విషయం: గుర్తింపు పొందిన షెల్టర్ పెద్ద ఇచ్చే ధ్రువపత్రం నమోదుకి పనికొస్తుంది. కార్డు లేక వృద్ధాప్య పింఛను ఆగిపోయినవాళ్లు మీకు తప్పకుండా కనిపిస్తారు.

బెజవాడ విన్సెంటియన్

వకీలు గారితో సగం ఏకీభవిస్తాను. పదిహేడేళ్ల కుర్రాడి చేతికి మొదటి రోజే టేపు, కాగితం ఇస్తే వాడు మనిషిని చూడడు, కాగితం నింపుతాడు. ముందు స్నేహం కుదరనివ్వండి. ఆ స్నేహితుడికి పింఛను ఎందుకు రావట్లేదన్న కోపం వాడికి దానంతటదే వస్తుంది. అప్పుడు టేపు ఇవ్వండి.

2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించిన పియెర్ జోర్జో ఫ్రస్సాతి సంగతి చూడండి. తూరిన్‌లో పత్రికాధిపతి కొడుకు, మైనింగ్ ఇంజనీరింగ్ విద్యార్థి, 17 ఏళ్లకే మా సొసైటీలో చేరాడు. రైలు చార్జీ పేదవాళ్లకి ఇచ్చేసి నడిచి ఇల్లు చేరేవాడు. 24 ఏళ్లకి, 1925లో, పోలియోతో చనిపోయాడు. పేదల ఇళ్లలోనే అది సోకిందని చెబుతారు. అంత్యక్రియలకి వేలమంది పేదలు వస్తే ఇంట్లోవాళ్లు నివ్వెరపోయారు, కొడుకు ఏం చేస్తున్నాడో వాళ్లకి తెలీదు. అదే కుర్రాడు రాజకీయ ఊరేగింపుల్లో కూడా ముందు నడిచాడు. అతను స్నేహాన్ని, న్యాయాన్ని విడదీసి చూడలేదు.

అడ్డా మేస్త్రి

ఇద్దరు చెప్పింది కరెక్టే. షెల్టర్‌ల నాకు జాగ దొరికింది ఆ చాయ్ పిలగాని తోనే. వాడు ఎంట వచ్చి రాయిపిచ్చిండు, లేకుంటే గేటు కాడికి పోనీకే నాకు సిగ్గు. గని షెల్టర్ల ఆలుమొగలు కలిసి ఉండనీకి లేదు, అందుకే పెళ్లాం పిల్లలు ఉన్నోళ్లు రోడ్డు మీదనే ఉంటరు. ఆ సంగతి గూడ రాసుకోండ్రి సార్.

సికింద్రాబాద్ టీచరమ్మ

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ప్రిన్సిపల్ సిస్టర్‌తో కూర్చుని అన్నీ చదివాం. ఇలా అనుకుంటున్నాం, లోపాలుంటే చెప్పండి.

ఆదివారం కాకుండా మంగళవారం వెళతాం, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకు. ఒకటే వీధి, దాన్ని మార్చం. పదిమంది పిల్లలు, ఇద్దరిద్దరుగా, ప్రతి జంటా మరో జంటకి కనిపించేంత దూరంలో. ఫోన్లు నా సంచిలో ఉంటాయి, ఎవరైనా ఇంటికి మాట్లాడాలంటే నా ఫోను ఇస్తాను. చాయ్, ఇడ్లీ. బ్యానర్ లేదు. సర్టిఫికెట్ ఇద్దామని మేనేజ్‌మెంట్‌లో ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు, గంటలు లెక్కపెట్టుకునే పిల్లలు గడియారం చూస్తారు. తిరిగొచ్చాక గుడి మెట్ల మీద అరగంట కూర్చుంటాం, తాతయ్య గారు చెప్పినట్టు అప్పుడే సువార్త. ఫాదర్ గారి చిన్న పుస్తకం పని క్రిస్మస్ సెలవుల్లోపు పూర్తిచేస్తాం. షెల్టర్ కొలిచే పని సెకండ్ టర్మ్‌లో, వకీలు గారూ, మిమ్మల్ని వదలం.

ఫిబ్రవరి, మార్చిలో సెకండియర్ వాళ్లు పరీక్షలకి ఆగుతారు, ఫస్టియర్ వాళ్లలో వారానికి కొందరు చొప్పున వెళ్లి కొనసాగిస్తారు. వారం తప్పకూడదన్నది నా పట్టు. వేసవిలో ఎలా అన్నది ఇంకా తేలలేదు, టీచర్లమే వెళ్లాలేమో.

ఒక్క సందేహం మిగిలింది. స్టేషన్ పనుల వల్ల వచ్చినవాళ్లో ఏమో, ఆ వీధిలో ఒడిశా వాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. మా పిల్లలకి హిందీ అంతంత మాత్రం, ఒరియా అసలు రాదు.

అల్వాల్ అమ్మ

అయిదున్నర అంటే వెలుతురు ఉండగానే మొదలవుతుంది, ఫరవాలేదు. మొదటి మంగళవారం మా అమ్మాయితో నేనూ వస్తాను, చూశాక రెండో వారం మాట చెబుతాను. ఇడ్లీలు నేను వేసుకొస్తాను, పచ్చడి కారం లేకుండా పల్చగా చేస్తాను. సిస్టర్ గారూ, షుగరు ఉన్నవాళ్లకి చాయ్‌లో ఏం చెయ్యాలి?

నర్సు సిస్టర్, విశాఖ

చక్కెర లేని చాయ్ ఒక ఫ్లాస్కు విడిగా పట్టుకెళ్లండమ్మా. పోసేముందు అడిగి పొయ్యండి. రెండు ఫ్లాస్కుల మీదా పెద్ద అక్షరాలతో రాయండి, కంగారులో మారిపోతాయి.

అడ్డా మేస్త్రి

ఒరియా కోసం ఫికర్ చేయకుండ్రి మేడమ్. నా తాన సెంట్రింగ్ చేసేటోళ్లల ఇద్దరు ఒడిశా గంజాం పిలగాండ్లు ఉన్నరు, తెలుగు గూడ వస్తది. మంగళవారం పని అయిదింటికి బంద్ చేపిచ్చి తోలుకొస్త. ఏ వీధో, యాడ నిలవడాలెనో చెప్పుండ్రి.